మా వాకిలికి తగిన కుక్క

మస్కట్‌లో శుక్రవారం సెలవు. అందుకని ఆ రోజు మా ఆయన ఫోన్ చేస్తే ఒక పట్టాన పెట్టడు. ఏం కూర వండినవ్, బిడ్డ ఫోన్ చేసిందా అని మొదలుపెట్టే మనిషి, ఆ శుక్రవారం నేను ఎత్తగానే "ఇంట్ల ఒక కుక్కను సాదుకో" అన్నాడు.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఈయన కుక్కలంటే పడి చచ్చే మనిషేమీ కాదు. సెలవు మీద వచ్చినప్పుడు గల్లీ కుక్క వాకిట్లోకి తొంగి చూస్తే చీపురు విసిరేవాడు. అలాంటివాడికి ఎడారిలో కూర్చోగానే కుక్కల మీద ప్రేమ ఎందుకు పుట్టినట్టు?

"గిప్పుడు కుక్కెందుకు?" అన్నాను.

"వాకిట్ల పసుపు ఆరబోసి ఉన్నది గదా. మన దిక్కు కొమ్ములు ఎత్కపోతున్నరంట."

"ఇంకొన్ని దినాలైతే పసుపు మార్కెట్‌కు పోతది. కుక్క ఏండ్లకేండ్లు ఉంటది. పసుపు పోయినంక అదేం కాయాలె?"

"నిన్ను" అన్నాడు. ఆ తర్వాత నవ్వాడు. నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

నేను అనుమానం మనిషిని, ఒప్పుకుంటాను. పాలామె నీళ్లు కలపలేదంటే ఎందుకు కలపలేదని అడిగే రకం. అయితే ఈసారి అనుమానానికి ఆధారం ఉంది. అంతకు కొన్నాళ్ల ముందే ఆయన గేటు మీద కెమెరా పెట్టిస్తానన్నాడు, అక్కడి నుంచే ఫోన్‌లో చూసుకోవచ్చట. ఎవరిని చూస్తావని అడిగితే మాట మార్చాడు. నేను కెమెరా వద్దన్నాను. ఇప్పుడు కుక్క మాట తెచ్చాడు. ఎవరో ఆయన చెవిలో ఏదో ఊదారు, ఈ కుక్క పసుపుకు కాపలా కాదు, నాకు కాపలా అని నా మనసులో పడిపోయింది. పెళ్లయిన కొత్తలోనే ఆయన గల్ఫ్ పోయాడు. బిడ్డను పెంచి ధర్పల్లికి ఇచ్చి పెళ్లి చేశాం, అత్తను కాటిదాకా సాగనంపాను, ఎకరం పసుపు నేనే చూసుకుంటున్నాను. ఇన్నాళ్లకు నా మీద నమ్మకం ఉందా లేదా అన్న ప్రశ్న ఒక కుక్క రూపంలో వచ్చి కూర్చుంది.

ఆ వారమంతా ఫోన్ నిండా కుక్కల వీడియోలే. ఒకటి మంచు మీద బండి లాగే బొచ్చుకుక్క. మా ఆర్మూర్ గుట్టలు ఎండాకాలం పొద్దంతా కాగి, పొద్దుగూకాక కూడా వేడి కక్కుతాయి. ఆ బండల నడుమ ఈ కుక్కను కట్టేస్తే పాపం తగులుతుంది. ఇంకొకటి ఒళ్లో పట్టే తెల్లది, చూడ ముచ్చటైంది. మా వాకిట్లో ఒక్కసారి పొర్లిందంటే పేరంటానికి వచ్చిన ముత్తయిదువలా తయారవుతుంది. వీటిని ఆయన ఊరికే పంపాడు. మళ్లీ మళ్లీ పంపింది మాత్రం నల్లటి, ఛాతీ వెడల్పు జాతులు. వీడియోలో ఎవడో చెబుతున్నాడు, ఈ జాతి ఒక్కరి మాటే వింటుందట, పరాయివాళ్లను గడప తొక్కనివ్వదట.

అక్కడే నాకు ఒళ్లు మండింది. మా ఇంటి సంగతి ఆయనకు తెలియదా? అన్నం తిన్నాక గల్లీలోని ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని మా అరుగు మీదికే వస్తారు. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపడం, బీడీ చుట్టి దారం కట్టడం, నోళ్లు మాత్రం ఊరంతా తిరిగి రావడం. ఆ నాలుగు మాటలు లేకపోతే ఈ ఇంట్లో నేనూ ఒక సామానునే. గడప తొక్కనివ్వని కుక్క వస్తే మొదట ఆగిపోయేది దొంగ కాదు, నా అరుగు. పైగా కుక్కపిల్ల కనిపించినదల్లా కొరుకుతుంది, తంబాకు నమిలితే దాని ప్రాణానికే ముప్పు. ఆరబోసిన పసుపులో గుంట తవ్వినా, కాలెత్తినా నా ఏడాది కష్టం పాడు.

అయినా వద్దని ఊరుకోలేదు. వద్దంటే ఎందుకు వద్దంటోంది అనుకుంటాడేమోనని ఇంకో అనుమానం. అందుకే పక్కింటి అక్కను వెంటబెట్టుకుని డిచ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన కుక్కలు అమ్మే చోటికి బస్సెక్కాను. అక్క నాకన్నా పెద్దది, నాతోపాటే బీడీలు చుడుతుంది, కడుపులో మాట దాగదు.

అమ్మే అతను కుక్కను చూపించడం మానేసి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు.

"అక్కా, ముందుగాల మీ ఇంటి సంగతి చెప్పు. వాకిలి ఎంతున్నది? పొద్దుగాల కుక్కను ఎవలు తిప్పుతరు? ఇంట్ల మొగోళ్లు ఎవలుంటరు?"

కుక్క కొనడానికి వచ్చినదాన్ని, నా ఇంట్లో మగవాళ్ల లెక్క వీడికెందుకు? "మా ఆయన ఉంటడు" అన్నాను.

"గిప్పుడు రాలేదా?"

"ఇంట్ల పండుకున్నడు."

"బావకు పొద్దుగాల లేచి ఉరికే అలవాటున్నదా?"

"మస్తు ఉరుకుతడు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను సంతోషపడి, వీడియోల్లోని నల్లకుక్కలాంటి దాన్నే బయటికి తెచ్చాడు. "గట్లయితే మీ ఇంటికి గిదే అక్కా. బావ అసొంటి గట్టి మనిషి చేతిల ఉంటే మంచిగుంటది. రోజు ఉరికియ్యాలె. పట్టుకునేటోడు లేకుంటె ఇంటోళ్ల మాట గూడ వినది."

అక్క ఇక ఆపుకోలేకపోయింది. "తమ్మీ, మీ బావ ఉరికేది మస్కట్ల. గక్కడికెల్లి దీని గొలుసు పట్టుకుంటడా?"

నా తల కొట్టేసినట్టయింది. అయితే నేను చెప్పింది అబద్ధమంటే ఒప్పుకోను. మా గల్లీలో మొగుడు గల్ఫ్‌లో ఉన్న ఏ ఆడదీ ముక్కు మొహం తెలియని మగవాడికి ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నానని చెప్పదు. మీటరు చూడ్డానికి వచ్చినా, చీరలు అమ్మడానికి వచ్చినా, లోపలి నుంచి ఒకటే జవాబు: ఆయన పండుకున్నడు. గడప ముందు మగ చెప్పుల జత కూడా ఉంచుతాం. నేను మంగళవారం అంగట్లో కావాలనే పెద్ద కొలతవి కొన్నాను. పెద్ద కాళ్లకు దొంగ ఎక్కువ భయపడతాడని నా లెక్క. నోటికి అంత అలవాటైన మాట కుక్కల దగ్గర మాత్రం ఎందుకు ఆగుతుంది?

"అంటే ఇంట్ల నువ్వొక్కదానివే ఉంటవా అక్కా? గట్లయితే వేరే జాతి చూడాలె" అంటూ అతను లోపలికి వెళ్లబోయాడు. మంచికే అడిగాడేమో. కానీ ఆ 'ఒక్కదానివే' అన్న మాట చెవిన పడగానే నేను బస్సు దారి పట్టాను. బస్సులో ఆర్మూర్ దాకా అక్కతో మాట్లాడలేదు.

తర్వాతి శుక్రవారం ఆయన ఫోన్ ఎత్తగానే అడిగేశాను.

"కెమెరా వద్దంటే కుక్కంటివి. నీకెవలు ఏం చెప్పిన్రు నా గురించి?"

"ఎవ్వలేం చెప్పలే." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ గొంతు. "నెట్ మంచిగ లేదు, మల్ల చేస్త."

"నెట్ మంచిగనే ఉన్నది. చెప్పు."

ఇక తప్పదని నోరు విప్పాడు. "పోయినసారి నేను చెప్పకుంట వచ్చిన, యాదికున్నదా?"

ఉంది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. గల్లీలో పెళ్లి ఉండి ఆ రోజు బీడీల వాళ్లు ఎవరూ రాలేదు. తలుపు గడియ పెట్టుకున్నాను. బయట ఎవరో గొంతు మార్చి "ఎవలున్నరమ్మా ఇంట్ల" అన్నారు. నన్ను ఆటపట్టిద్దామని ఆయనే. నేను లోపలి నుంచి "మా ఆయన పండుకున్నడు, లేస్తే కొడతడు, పొద్దుగూకినంక రాండ్రి" అన్నాను. తలుపు తీశాక ఇద్దరం పడీ పడీ నవ్వాం. కనీసం నేను అలాగే అనుకున్నాను.

"గడప కాడ చెప్పులున్నయ్" అన్నాడు ఆయన. "నా కాలు కన్న పెద్దయి. నువ్వేమో లోపల్నుంచి మా ఆయన పండుకున్నడు అంటున్నవ్. నేను పెట్టె పట్టుకొని ఎండల నిలబడ్డ. లోపల పండుకున్నోడెవడు, నేనెవర్ని అని జర సేపు సమజ్ కాలే."

"చెప్పులు ఎందుకు పెట్టిన్నో అప్పుడే చెప్పిన గదా."

"చెప్పినవ్."

"నమ్మలేదా?"

"నమ్మిన. కని గీడికి వచ్చినంక, డ్యూటీ లేనప్పుడు, రూమ్‌ల ఒక్కణ్ణే పండుకున్నప్పుడు మల్ల గవే చెప్పులు కండ్ల ముంగట వడ్తయ్."

కోపం వచ్చింది, చాలా వచ్చింది. ఫోన్ గోడకేసి కొడదామనుకున్నాను. నన్ను కాపాడుకోవడానికి నేను అన్న మాట, నేను కొన్న చెప్పులు తిరిగి నా మీదికే వచ్చాయి. మరోవైపు, అక్కడ ఇరుకు మంచం మీద పడుకుని ఇంకొకడి చెప్పుల కొలత ఆలోచించుకుంటున్న మనిషిని తలచుకుంటే జాలి కూడా వేసింది. ఇన్నాళ్లూ నాతో నవ్వుతూ మాట్లాడుతూ ఇది కడుపులో మోశాడన్నమాట. ఆ చెప్పులు ఉంచితే మొగుడికి అనుమానం, తీసేస్తే దొంగకు ధైర్యం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అప్పుడు కుక్క సంగతి నిజంగా ఆలోచించాను, ఈసారి ఆయన వీడియోలు పక్కన పెట్టి. ఉరికించడానికి మగవాడు అక్కరలేనిది కావాలి. మా ఎండకు ఓర్చేది, పొట్టి వెంట్రుకలది, మేం తిన్న జొన్న గట్కే తినేది కావాలి. కొరికే వయసు దాటినదైతే తంబాకు భయం ఉండదు. రోజూ వచ్చే ఆడవాళ్లను గుర్తుపట్టాలి, తెలియని మగవాడిని గేటు దగ్గరే ఆపాలి. ఇవన్నీ కలిసిన జాతికి వీడియోల్లో పేరు లేదు. భీమ్‌గల్‌లో అక్క వాళ్ల చుట్టాలింట్లో పసుపు కల్లం మీదే పెరిగిన ఒక ఎర్ర ఆడకుక్క ఉందని, ఎద్దులు అమ్మి సాగు మానేశాక దానికి అక్కడ పని లేదని తెలిసింది. నేనేమో దాన్ని కూడా అనుమానంగానే చూశాను. పళ్లు చూశాను, చెవులు చూశాను, ఊరికే ఎందుకు ఇస్తున్నారని చుట్టాలను రెండుసార్లు అడిగాను. ఆటోలో దారి పొడుగునా అది కూడా నన్ను అంతే అనుమానంగా చూసింది. మాకు జోడీ కుదిరింది.

పసుపు మీదికి అది అడుగు పెట్టేది కాదు, చుట్టూ తిరిగి వెళ్లేది. తంబాకు చాట దగ్గరికి వచ్చి ఒకసారి తుమ్మి, మళ్లీ ఆ దిక్కు పోలేదు. మొదట్లో అరుగు మీదికి వచ్చే ఆడవాళ్లందరినీ వాసన చూసి లెక్క పెట్టుకుంది, తర్వాత వాళ్లు వస్తే తోక కూడా ఊపడం మానేసింది. మగవాళ్లు వస్తే మాత్రం గేటు ఊగిపోయేలా మొరిగేది. నేను గడప ముందు చెప్పులు తీసి చెత్తబండిలో వేశాను. ఆయనకు కుక్క ఫోటో పంపితే "గిదేం జాతి?" అన్నాడు. "నాకు సరిపోయే జాతి" అన్నాను.

మళ్లీ ఎండాకాలం సెలవుకు ఆయన చెప్పే వచ్చాడు. బస్టాండ్‌లో దిగగానే ఫోన్ చేశాడు. అక్క, నేను, ఇంకో ఇద్దరు అరుగు మీద బీడీలు చుడుతున్నాం. గేటు దగ్గర ఆయన కనిపించగానే కుక్క మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఎగిరెగిరి మొరిగింది. ఆయన పెట్టె కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. బయట నుంచే అడిగాడు, నన్ను కాదు, అక్కను.

"అక్కా, మొగోళ్లు ఎవలొచ్చినా గిట్లనే మొరుగుతదా?"

"అయ్యో, గ్యాస్ బండ తెచ్చేటోడు గూడ గేటవతలే దించి పోతడు" అంది అక్క.

ఆయన మొహం చూశాను. ఎండలో చెమటలు కారుతూ, సొంత వాకిట్లోకి అడుగు పెట్టలేక నిలబడ్డ మనిషి మొహంలో ఎన్నాళ్ల నుంచో ఉన్న బిగువు సడలిపోయింది. ఆ కుక్క తనను పరాయివాడిని చేసి మొరుగుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. "మంచి కుక్క" అన్నాడు. "ఇగ నాకు ఫికర్ లేదు."

పెళ్లయిన నాటి నుంచి నేను చెప్పిన ఏ మాటకూ తీరని ఫికరు, ఊరి కుక్క నాలుగుసార్లు మొరిగితే తీరిపోయింది.

"జర దాన్ని పట్టుకో" అన్నాడు ఆయన.

విని కూడా లేవకుండా చేతిలో ఉన్న ఆకులో తంబాకు నింపాను, చుట్టాను, దారం కట్టాను. కుక్కను కాసేపు మొరగనిచ్చాను.