ఎండ మాదే, డాబా కాదు

సొంతం కాని ఇంటిని ఇన్నేళ్లుగా మా ఇల్లు అని ఎలా అంటున్నాం? చాలాకాలంగా నాతో ఉన్న ఈ ప్రశ్న ఈ రోజు డాబా ఎక్కి కూర్చుంది.

హిందీ ప్రాంతంలోని ఈ ఉక్కు ఊళ్లో, సెక్టర్ 4లో మాది స్టీల్ ప్లాంటు క్వార్టరు. నాన్న రిటైరయ్యాక లీజుకు తీసుకున్నారు. ఆయన పోయాక అమ్మా నేనూ ఉంటున్నాం. రాష్ట్రం సోలారుకు సబ్సిడీ ఇస్తోందని విని, దగ్గర్లోని మరోదా అనే పేటలో ప్యానెళ్లు బిగించే ఒక తెలుగాయన్ని పిలిచాను. పొద్దున్నే వచ్చి, అమ్మ ఎండబెట్టిన వడియాల పక్కన టేపు పరిచి కొలిచారు. ఎండకు లోటు లేదన్నారు. తర్వాత లీజు పత్రం చూసి తల అడ్డంగా ఊపారు.

"అభ్యంతరం లేదని ప్లాంటు నుంచి లెటర్ కావాలి దీదీ. అది లేకపోతే సబ్సిడీ ఫారం ముందుకెళ్లదు."

"ఏటి బావూ, ఎండ కూడా ప్లాంటుదేనేటి?" అంది అమ్మ.

"ఎండ మీదేనమ్మా. డాబాయే మీది కాదు."

లెటర్ అడగొచ్చు. అడిగితే ఇల్లు చూడ్డానికి మనిషి వస్తాడు. వస్తే, ఇక్కడ చాలామందిలాగే నాన్న కూడా అనుమతి లేకుండా వెనక కట్టించిన గది కనబడుతుంది. కనబడితే కూల్చేయమంటారు. అమ్మ పడుకునేది ఆ గదిలోనే.

ప్యానెళ్లాయన వెళ్లాక అమ్మ వడియాలు తిరగేస్తూ, "నీ కరెంటు సరేనమ్మా, నానెక్కడ పడుకుంతాను?" అంది.

ప్రభుత్వం సూర్యుడికి దారి వేసింది గానీ, ఆ దారి మా వెనక గది మీదుగా పోతోంది. క్వార్టర్లలో ఉన్నవాళ్లు మీరేం చేశారో చెప్పండి. లెటర్ కోసం అర్జీ రాసి పెట్టాను. ఇవ్వాలో వద్దో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.