కాడకు యాది ఉంటది

మా పెద్దనాయిన పోయాడని పెద్దమ్మ ఫోన్ చేసేసరికి నేను మేడ్చల్ షెడ్డులో ఉన్నాను. ఆయన స్టూలు ఖాళీగా ఉండడం కొన్నాళ్లుగా అలవాటైంది గానీ, మళ్లీ వచ్చి కూర్చుంటాడన్న నమ్మకం పోలేదు. "పొద్దుగాల చాయ్ తాగిండు బిడ్డా. మల్ల పండుకున్నడు, ఇగ లేవలే," అంది పెద్దమ్మ. లేత్ మిషన్ ఆపి, షట్టర్ దించి, రావల్కోల్‌లో వాళ్లింటికి బయల్దేరాను. దారంతా ఏడుపుతో పాటు ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఇంకొంచెం ఉంటే ఏం పోయింది అని.

ఆయన చేసే పనేమిటో చెప్పాలి, చాలామందికి తెలియదు. పొగాకు పైపులు మీరు చూసే ఉంటారు. పొగాకు నింపే భాగం కట్టెతో చేసిన బుర్ర, నోట్లో పెట్టుకునేది కాడ. బుర్రలు ఎక్కడినుంచో వచ్చేవి, కాడలు మావి. అక్రిలిక్ కడ్డీని లేత్ మీద తిప్పి, నడుమ సన్నటి బెజ్జం వేసి, పళ్ల మధ్య ఇమిడేలా ఆకురాయితో కొసను పల్చన చేసి, చివరికి వేడి చూపించి వంచాలి. ఊళ్లో ఆయన్ని చిలుం మేస్త్రీ అనేవాళ్లు. కడ్డీ కొంచెం మాడి వాసన వస్తే, జవహర్‌నగర్ చెత్తకుప్పల గాలి ఇటు మళ్లిందా అని పక్క షెడ్డువాళ్లు అడిగేవాళ్లు. ఆయన నవ్వి, కిటికీ ఇంకాస్త తెరిచేవాడు.

ఏనాడూ బీడీ ముట్టని మనిషి. అయినా ఎప్పుడు చూసినా ఆయన నోట్లో ఏదో ఒక కాడ ఉండేది. వంచిన ప్రతి కాడనూ కుడి దవడ కింద కాసేపు, ఎడమ దవడ కింద కాసేపు పెట్టుకుని, కళ్లు మూసుకుని చూసేవాడు. కుదరకపోతే వెంటనే తీసి నా చేతికి ఇచ్చేసేవాడు. కుదిరితే మాట్లాడేవాడు కాదు, కాడను అలాగే పళ్ల మధ్య ఉంచుకుని ఇంకో పని మొదలుపెట్టేవాడు. ఆయన నోటి నుంచి మెచ్చుకోలు వినాలంటే ఆ నోరు మూసుకుని ఉండగానే వినాలి. అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని కూడా ఇదే పని. పెద్దమ్మ పళ్లెం తీస్తూ, పసిపిల్లకు పాలపీక ఇచ్చినట్టు నోట్లో అది లేకపోతే ఈయనకు పొద్దుపోదని దెప్పేది.

నేను అంతకుముందు శామీర్‌పేట దగ్గర ప్యాకింగ్ పనికి వెళ్లేదాన్ని. పని నేర్పుతాను రమ్మని ఆయనే పిలిచాడు. ఆడపిల్లను మిషన్ మీద నిలబెడతావా అని మా నాయినే అడ్డం పడ్డాడు. పెద్దనాయిన తమ్ముడితో వాదన పెట్టుకోలేదు, నా వైపు తిరిగాడు. "జుట్టు ముడేసుకో, చున్నీ గట్టిగ కట్టుకో. మిషన్‌కు ఆడ మగ ఎర్కలేదు. దొరికింది గుంజుతది," అన్నాడు. నేను మర్నాటి నుంచి వెళ్లాను.

తన తప్పుల్ని ఆయన కథల్లా చెప్పుకునేవాడు. కొత్తలో ఒకసారి నున్నగా మెరుగుపెట్టిన కాడలన్నిటినీ ఇంకా తళతళలాడాలని స్పిరిట్‌తో తుడిచాడట. చూస్తుండగానే లోపల సన్నటి బీటలు పుట్టాయట. "స్పిరిటు మనిషికే గాదు బిడ్డా, కాడకు గూడ పడది," అని ముగించేవాడు. మా షెడ్డులో ఇప్పటికీ సబ్బునీళ్లే.

ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో పెద్దది ఇంకొకటి ఉంది. నేను మొదట్లో వంపు తప్పిన కాడను చెత్తడబ్బాలో పడేస్తే, తీసి నా ముందు పెట్టాడు. "గీ కాడకు మస్తు యాది. మల్ల వేడి సూపియ్యి, పుట్టినప్పుడు ఎట్లున్నదో గట్లనే లేస్తది." నిజమే, అక్రిలిక్ అంతే. ఎంత వంచినా తన తిన్నదనం మరిచిపోదు.

ఆయన చేతులు వణకడం మొదలయ్యాక అల్వాల్ నుంచి ఒక మిలిటరీ పెద్దాయన వచ్చాడు. వాళ్ల నాన్న పైపు తెచ్చాడు, కాడ విరిగిపోయింది. ఈ పెద్దాయన చేత డాక్టరు పొగ మాన్పించాడట, ఖాళీ పైపు పళ్ల మధ్య పెట్టుకోనిదే పేపర్ చదవలేడట. పెద్దనాయినకు అలాంటివాడు దొరకడం పండగే. ఇద్దరూ నోట్లో చెరొక కాడతో చాలాసేపు కూర్చున్నారు. ఆ కాడ తానే చేస్తానన్నాడు పెద్దనాయిన. పాత కాడ లాంటి తేనెరంగు కడ్డీ ముక్క మా దగ్గర ఒక్కటే మిగిలింది. బుర్రలో దూరే కొనను నెమ్మదిగా, గాలి చొరనంత బిగుతుగా కుదిర్చాడు. వంచేటప్పుడు మాత్రం చేయి వణికి, వంపు పక్కకు పోయింది. నోట్లో పెట్టుకుని వెంటనే తీసేశాడు. రేపు చూద్దామని కిటికీలో పెట్టి ఇంటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

దినాలు అయ్యాక పెద్దమ్మ నాతో పాటు షెడ్డుకు వచ్చింది. ఆ కాడే ఆయన చివరి పనని ఆమెకు తెలుసు, గూట్లో పెట్టుకుంటాను ఇమ్మని అడిగింది. ఇంకోటి చేద్దామంటే ఆ రంగు లేదు. సరిచేసి పెద్దాయనకు ఇద్దామంటే ఆ వంపు పోతుంది, అందులో ఉన్న ఆయన చేయి పోతుంది. నాకు కూడా మనసు రాలేదు. కాడను పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది.

"ఒంకరున్నది."

"అవ్ పెద్దమ్మా."

"ఒంకర పని గూట్లె పెడితే నన్ను తిడ్తడు. సక్కగ జెయ్యి," అని తిరిగి ఇచ్చి, ఆయన స్టూలు మీద కూర్చుంది.

బుర్రలో దూరే కొనకు తడిగుడ్డ చుట్టాను. బెజ్జం మూసుకుపోకుండా లోపలికి నూలు చుట్టిన తీగ దూర్చాను. వేడిగాలి తగిలే చోట కాడను మెల్లగా తిప్పుతూ ఉన్నాను. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆ పక్క వంపు దానంతటదే విడిపోతూ కాడ తల ఎత్తింది.

"లేస్తాంది," అంది పెద్దమ్మ, మెల్లగా.

తిన్నగా అయ్యాక, పెద్దాయన విరిగిన కాడ ముక్కల్ని ఎదురుగా పెట్టుకుని మళ్లీ వంచాను. ఈసారి చేయి తడబడలేదు, నాకు తెలుసు. తడిగుడ్డతో చల్లార్చి, అలవాటు కొద్దీ స్టూలు వైపు చేయి చాచాను. పెద్దమ్మ అందుకుంది. కొంగుతో తుడిచి, కుడి దవడ కింద పెట్టుకుంది, తర్వాత ఎడమ దవడ కింద. కళ్లు మూసుకుంది. నేను చేయి చాచే ఉన్నాను. ఆమె కాడ తిరిగి ఇవ్వలేదు.