దాసయ్య ఎంచిన నల్ల బండి

మా దాసయ్యని ఉత్త డ్రైవరంటే నేను ఒప్పుకోను. చిక్కడపల్లి, అశోక్‌నగర్ కలిపి ఓ ఇరవై ఇళ్ళవాళ్ళు కారు కొనాలంటే ముందు మా గేటు దగ్గరికే వచ్చేవారు. "వేదవతి గారూ, ఆదివారం మీ దాసయ్యని ఓ గంట పంపిస్తారా?" అని అడిగేవారు. నాకు ఒళ్ళు మండేది. మేం జీతమిచ్చి పెట్టుకున్న మనిషిని ఊరందరికీ పప్పు బెల్లాల్లా పంచిపెట్టాలా? అయినా పంపేదాన్ని. ఒక్కోసారి నేనూ వెంట వెళ్ళేదాన్ని, అతని పనితనం చూడటానికి.

అతని పద్ధతే వేరు. ముందు బానెట్ ఎత్తడు, ఇంజను జోలికి పోడు. ఆ ఇంటి ఇల్లాలిని పిలిచి, "అమ్మా, జర ఎక్కి కూసోండ్రి" అనేవాడు. ఆవిడ కూర్చున్నాక, "ఇగ దిగుండ్రి" అనేవాడు. అలా మూడుసార్లు. కుచ్చెళ్ళు ఎక్కడ తట్టుకుంటున్నాయో, చెయ్యి దేన్ని వెతుక్కుంటోందో, దిగేటప్పుడు మొహం ఎలా పెడుతోందో చూసేవాడు. ఓసారి ఒకాయన విసుక్కుని, "మైలేజీ చూడవయ్యా బాబూ, మా ఆవిడ బరువు కాదు" అని వెటకారం చేశాడు. దాసయ్య నవ్వలేదు. "ఇంజన్ ఖరాబైతె మెకానిక్ ఉన్నడు సార్. మోకాలు ఖరాబైతె ఎవడున్నడు?" అన్నాడు.

దాసయ్య పుట్టింది ముషీరాబాద్‌లో. కాపురం అడిక్‌మెట్‌లో, రెండు గదుల కిరాయి ఇంట్లో, భార్య హనుమమ్మతో. మేం గుంటూరు జిల్లా నుంచి హైదరాబాదుకి వచ్చినవాళ్ళం. మా ఆయన సూర్యప్రకాశరావు గారు రోడ్ల కాంట్రాక్టులు చేసేవారు. ఇల్లు అశోక్‌నగర్‌లో, ఆఫీసు నారాయణగూడలో. ఎనభైలో మేం అంబాసిడర్ కొన్ననాడు దాసయ్య పనిలో చేరాడు. మొదట్లో అతని మాట నాకు సగం అర్థమయ్యేది కాదు, నా మాటకి అతను చాటుగా నవ్వుకునేవాడు. పోనుపోను నేనే నారాయణగూడ మార్కెట్లో కూరగాయలవాళ్ళతో "గింతేనా?" అని పోట్లాడటం మొదలుపెట్టాను.

తొంభై ఎనిమిదిలో మా ఆయనకి పెద్ద బండి మీద మోజు పుట్టింది. తోటి కాంట్రాక్టరెవరో కొన్నాడట, అదీ సంగతి. లోపల ఏసీ, కింద తివాచీ, సోఫాల్లాంటి సీట్లు. డీజిల్ బండి గనక ఎంత తిరిగినా బాధ లేదట. చూసి చూసి, చివరికి రెండు బళ్ళ దగ్గర ఆగారు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది. ధరలో పెద్ద తేడా లేదు, దర్జాలో అసలే లేదు. నల్లది బాగా ఎత్తు, మనిషి పైకి ఎగబాకాల్సిందే. కానీ దానికి పవర్ స్టీరింగు ఉంది, ఒక్క వేలితో తిరుగుతుంది. తెల్లది కాస్త కిందికి ఉంటుంది, తలుపు కింద కాలు పెట్టుకోవడానికి వెడల్పాటి మెట్టు కూడా ఉంది. కానీ దాని స్టీరింగు మహా బరువు, మలుపు తిప్పాలంటే రెండు చేతుల బలం పెట్టాలి. "నాకు రెండూ ఒకటే. దాసయ్య ఏదంటే అది" అని మా ఆయన తేల్చేశారు.

ఓ ఆదివారం పొద్దున్న షోరూములవాళ్ళు రెండు బళ్ళూ మా గేటు ముందుకి పంపారు. నేను జరీ చీర కట్టుకుని వరండాలో నిలబడ్డాను. అప్పటికి నాకు మోకాళ్ళ నొప్పులు పట్టుకుని మూడేళ్ళు. దాసయ్య నన్ను పిలుస్తాడు, నల్లదాని దగ్గర నా తిప్పలు చూస్తాడు, తెల్లది కొనమంటాడు. అందులో నాకు అనుమానమే లేదు.

ముందు తెల్లది తీసుకుని నారాయణగూడ చౌరస్తా దాకా వెళ్ళొచ్చాడు. మా సందులో బండి వెనక్కి తిప్పుతుంటే చూశాను. కుడిచెయ్యి స్టీరింగు మీద ఊరికే పడి ఉంది. లాగుడంతా ఎడమచేత్తోనే. ఆపాక ఆ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళోకి దించుకున్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. తర్వాత నల్లది తీసుకెళ్ళి, ఏ అలుపూ లేకుండా తిరిగొచ్చాడు.

"ఏమంటావోయ్?" అన్నారు మా ఆయన.

"నల్లదే మంచిగుంది సార్" అన్నాడు. నా వైపు చూడలేదు. నన్ను ఎక్కమనలేదు.

నాకు విషయం అర్థమైపోయింది. ఈ మనిషికి భుజం పోయింది. తెల్లది కొంటే నెల తిరక్కుండా ఆ సంగతి బయటపడుతుంది. చెయ్యి లేవని డ్రైవరుకి, అందులోనూ యాభై ఆరేళ్ళవాడికి, బయట ఎవడు పనిస్తాడు? కోపం వచ్చింది, జాలీ వేసింది. రెండూ ఒక్కసారే వచ్చాయి. నోరుగల మనిషినని బజారంతా పేరు నాకు! ఆ రోజు మాత్రం కాఫీ వంక పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. మా ఆయన కూడా నన్నేమీ అడగలేదు.

నల్ల బండి వచ్చింది. గుమ్మడికాయ కొట్టించాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాం. ఎక్కిన ప్రతిసారీ నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. దాసయ్య గబగబా వచ్చి తలుపు తీసి, నేల చూపులు చూస్తూ "మెల్లగమ్మా, మెల్లగ" అనేవాడు. చెంప ఛెళ్ళుమనిపించాలన్నంత మంట పుట్టేది. మళ్ళీ అద్దంలో ఆ మొహం కనబడితే అయ్యో పాపం అనిపించేది. పెళ్ళిళ్ళకి పోవడం తగ్గించాను. గానసభలో కచేరీ ఉంటే ఆటో పిలిపించుకునేదాన్ని. "ఇంత బండి కొంటే నువ్వు ఆటో ఎక్కుతావేమిటి?" అని మా ఆయన ఆశ్చర్యపోయేవారు. అడిగేసి, జవాబు చెప్పేలోగా చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయేవారు.

నాలుగో నెలలో సుల్తాన్ బజార్లో దిగుతూ జారాను. దాసయ్య ఎడమచెయ్యి తలుపు మీద ఉంది. నన్ను పట్టుకోవాల్సింది కుడిచెయ్యి. అది నడుము దాకా లేచి ఆగిపోయింది. నేను మోకాళ్ళ మీద రోడ్డున పడ్డాను. గాజులమ్మే ఆవిడెవరో పరిగెత్తుకొచ్చి లేపింది. దాసయ్య అక్కడే నిలబడి, అంత జనంలో, వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇంటికి రాగానే మా ఆయన ముందు నిలబడి అంతా చెప్పేశాడు. "సార్, నేను అబద్ధం జెప్పిన. తెల్ల బండే మంచిది. నా భుజం రెండేండ్ల సంది లేస్తలేదు. నౌకరి పోతదని నల్లది కొనమన్న. అమ్మను ఎక్కి సూడమంటె ఎక్కలేకపోతుండె. గది సూసినంక నా నోట అబద్ధం రాకపోతుండె. అందుకే అడగలె."

మా ఆయన చెడ్డమనిషేం కాదు. "సరేలే, ఆఫీసులో కూర్చుని ఫోన్లు చూసుకో. జీతం అదే ఇస్తాను" అన్నారు. దాసయ్య దండం పెట్టాడు. "వద్దు సార్. ఇన్నేండ్లు నమ్మిండ్రు, మోసం జేసిన. ఇగ మీ ముందల కూసోని జీతం తీసుకోలేను" అని తాళాలు బల్ల మీద పెట్టాడు.

వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగాడు. నేను మోకాళ్ళ దెబ్బలకి పసుపు అద్దుకుంటున్నాను. అతన్ని చూడగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎవరు చెప్పమన్నారయ్యా నిన్ను? నాలుగు నెలలు నేను నోరు కుట్టుకుని కూర్చున్నది ఎందుకనుకున్నావు? నీ చెయ్యి సంగతి నాకు ఆ ఆదివారమే తెలుసు!" అని అరిచాను.

అతను నిర్ఘాంతపోయాడు. "ఎరికేనా అమ్మా? ఎరికుండి ఎందుకు జెప్పలె?"

"నీ ఉద్యోగం పోతుందని."

దాసయ్య గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "నాకైతె నౌకరి పోతదని భయం. నేను ఎక్కలేనని ఒక్క మాటంటె మీకేం పోతుండె అమ్మా? ఇల్లు మీదే గద!"

దెప్పిపొడవడం కాదది. తెలియకే అడిగాడు, జవాబు కోసం ఆగాడు కూడా. నేను పసుపు గిన్నె వైపు తిరిగాను. అతను వెళ్ళిపోయాడు.

పసుపు చేత్తోనే చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. అతని మీద దయతో ఊరుకున్నానని నాలుగు నెలలుగా నన్ను నేను మెచ్చుకుంటున్నాను. దయ లేకపోలేదు. కానీ ఆ భుజం బాగానే ఉండి, అతను నల్లదే బాగుందన్నా నేను ఊరుకునేదాన్నే. ఈ ఇల్లు కట్టేటప్పుడు మేడమెట్లు ఇంత నిటారుగా వద్దని అనిపించింది. అనలేదు. వంటింటి గట్టు నాకు మరీ ఎత్తవుతోందని తెలుస్తూనే ఉంది. అనలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. నా నోరంతా కూరగాయలవాళ్ళ మీద, దాసయ్య మీద.

లేచి హాల్లోకి వెళ్ళాను. మా ఆయన ఆ తాళాల వంకే చూస్తూ కూర్చుని ఉన్నారు.

"ఆ బండి నేను ఎక్కలేనండీ" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను వింతగా చూశారు. "ఆ మాట మొదట్లోనే చెప్పొచ్చుగా?" అన్నారు.

చెప్పొచ్చు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఏ రోజైనా చెప్పొచ్చు. ఆయన ఎదురుగా కూర్చుని ఏడ్చాను.