మూడు మడతల సందు

మావయ్య పోయాడని మొన్న పోస్టుకార్డు వచ్చింది. విజయనగరం దగ్గర పల్లె నుంచి పిన్ని రాసింది, మూడే వాక్యాలు. చావు కబురు తెచ్చిన కార్డుని చదవగానే చింపెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు. అన్నగారు పోయాడని ఏడుస్తూనే మా అమ్మ గుమ్మంలో నాకు అడ్డం నిలబడింది. "సింపీవే, ఇంటిలోకి తేకు" అంది. నేను చింపలేదు. చేతిసంచిలో దాచుకున్నాను.

ఆ సాయంత్రమే మన తెలుగు సంఘం కార్యదర్శిగారు పరామర్శకు వచ్చారు. టీ తాగి, "మన సంఘం సంచికలో నాలుగు మంచి ముక్కలు రాయమ్మా. స్టేజీ నేల కాడ గల్తీ చేసినాడు గాని, మనిషి మాత్రం సోనా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇవిగో ఆ నాలుగు ముక్కలు. సంచికలో వెయ్యకపోతే సంఘం హాలు గోడకి అంటిస్తాను.

ఈ హిందీ ఊళ్లో మన వాళ్లుండే ఖుర్సీపార్‌ పేటలో మావయ్య పేరు తెలియని తెలుగిల్లు ఉండేది కాదు. ఉక్కు ప్లాంటులో ప్యాటర్న్ షాపు ఆయనది. కరిగిన ఇనుము పోసే అచ్చులకు ముందుగా చెక్కతో నమూనాలు చేసే చోటు. డ్యూటీ దిగాక ఎవరింట్లో తలుపు బిగుసుకున్నా, ఎవరికి ఉయ్యాల కావాలన్నా ఆయనే వెళ్లేవాడు. చెవిలో పెన్సిలు, జేబులో మూడు మడతలు పెట్టిన పాత పోస్టుకార్డు. ఆ కార్డు ఎందుకో నాకు హాలు పని మొదలయ్యాకే తెలిసింది.

ఆరేళ్ల కిందట మన హాలులో స్టేజీ వేశాం. ఎక్కడో చలిదేశం నుంచి ప్లాంటుకి యంత్రాలను మోసుకొచ్చిన పెద్ద పెట్టెలు విప్పితే వచ్చిన పైన్ చెక్కలు దొరికాయి. ఒక్కొక్కటి జానెడున్నర వెడల్పు. మావయ్య వాటిని తెచ్చి, మధ్య మధ్య పుల్లలు పెట్టి హాల్లోనే పేర్చి, నెల రోజులు ముట్టుకోలేదు. "ఏటి మేస్త్రీ, చెక్కలు నిద్రపోతన్నాయా?" అని కార్యదర్శిగారు ఎకసెక్కాలాడారు. "కొత్త ఇల్లు గదండీ, అలవాటు పడనీండి" అన్నాడు మావయ్య.

పరవడం మొదలుపెట్టాక చెక్కకీ చెక్కకీ నడుమ ఆ మడత కార్డు దూర్చి, అంత సందు వదిలి మేకు కొట్టేవాడు. నేను అప్పటికే అక్కడ పిల్లలకు నాట్యం నేర్పుతున్నాను. ఎందుకీ సందులని అడిగితే, "ఎడల్పు సెక్కకి ఊపిరెక్కువే గుంటా. ఎండకి ముడుసుకుంటాది, వానకి ఒళ్లు సేస్తాది. సోటు ఇవ్వకపోతే లెగిసి కూకుంటాది" అన్నాడు.

తర్వాత నునుపు చెయ్యడం. ఇక్కడ రేగ్‌మాల్ అంటారే, ఆ గరుకు కాగితాన్ని చెక్కముక్కకి చుట్టి, మోకాళ్ల మీద కూర్చుని, చెక్క చారల వెంటే తోసేవాడు. మే నెల మధ్యాహ్నాలు. పొట్టు ఎగురుతుందని ఫ్యాను కూడా వేసేవాడు కాదు. హాలంతా పైన్ బంక వాసన. పని అయిందనుకున్న చోట పాత పంచెముక్క పరిచి మెల్లగా లాగేవాడు. దారం ఎక్కడ చిక్కుకుంటే అక్కడ మళ్లీ మొదలు. అరచేత్తో రాసి చూస్తే సరిపోదా అంటే, "సెయ్యి మనల్ని పొగుడుతాది. గుడ్డకి ఆ మొహమాటం లేదు" అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ సందులు నాకు నచ్చలేదు. అడుగు తిప్పినప్పుడు చిటికెనవేలు అంచుకి తగులుతోందని కార్యదర్శిగారితో నేనే చెప్పాను. పూడ్పిస్తే బాగుంటుందని కూడా నేనే అన్నాను. మావయ్యను అడిగితే కాదంటాడని నాకు తెలుసు, అందుకే ఆయన్ని అడగలేదు. కార్యదర్శిగారికి అంతే చాలింది. "గెస్టులొస్తారు, ఏక్‌దమ్ అద్దంలా ఉండాల" అంటూ, మావయ్య డ్యూటీలో ఉన్న పూట వేరే మనుషుల్ని పెట్టి, జిగురూ రంపపు పొట్టూ కలిపిన లప్పం సందులన్నిటిలో కూరించి పైన వార్నీషు కొట్టించారు. ప్రారంభోత్సవం నాడు నేల నిజంగానే అద్దంలా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. ప్లాంటులో సెలవు దొరకక మావయ్య రాలేదు.

జులైలో వానలు పట్టాయి. చెక్కలకు ఒళ్లొచ్చింది, కదలడానికి చోటు లేదు. స్టేజీ నడుమ వీపులా లేచింది. అభ్యాసంలో ఒక పిల్ల తట్టుకుని పడి పెదవి చీల్చుకుంది. సభ పెట్టారు. "పెట్టెలు విప్పుకునే మేస్త్రికి నేల పని ఇవ్వడం మనదే తప్పు" అని కార్యదర్శిగారు మైకులో అన్నారు. మావయ్య ముందు వరసలోనే ఉన్నాడు. మూడో వరసలో నేను ఉన్నాను. నోరు ఉండి కూడా నేను లేవలేదు.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్లి ఏడిచాను. "లప్పం ఎవులు అడిగినారో నాకు తెల్సే. నీకు పెళ్లి సంబంధాలు సూత్తన్నారు, ఆడపిల్ల పేరు సభలో ఎత్తుతానేటి? ఒగ్గీ" అన్నాడు. ఎవరు అడిగారు మావయ్యా నిన్ను ఆ త్యాగం? ఈ ఆరేళ్లలో కార్యదర్శిగారి మీద ఎంత మండిపడ్డానో నీ మీదా అంతే మండిపడ్డాను. నా మీద నాకున్న కోపం సంగతి సరేసరి.

ఆ వానాకాలమంతా ఒక్కడే చెక్కలు ఊడదీశాడు. సన్న ఉలితో అంచుల లప్పం గీకి, ఆరబెట్టి, చిత్రిక పట్టి, మళ్లీ సందులు వదిలి పరిచాడు. ఎవరూ ఒక గ్లాసు నీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత ఎవరింట్లో తలుపు బిగుసుకున్నా ఆయన్ని పిలవలేదు. రిటైరయ్యాక పిన్ని దగ్గరికి వెళ్లిపోయాడు, ఆ చెడ్డపేరు మోసుకుని. ఐదు వానలు కురిశాయి, ఆ నేల లేవలేదు. ఎందుకు లేవలేదని ఒక్కరైనా అడిగారా? ఆ నేల మీదే ఉగాది చేశారు, దండలు మార్చుకున్నారు, ఉపన్యాసాలు దంచారు. తప్పు మావయ్యది కాదు. అడిగింది నేను, కూరించింది కార్యదర్శిగారు. అప్పుడు మైకులో అనాల్సిన మాట ఇది.

నిన్న మధ్యాహ్నం హాలుకి వెళ్లాను. ఎవరూ లేరు. ఎండకి చెక్కలు ముడుచుకుని ఉన్నాయి. సంచిలోంచి పిన్ని కార్డు తీసి, మూడు మడతలు పెట్టి, నేను రోజూ నిలబడే చోట సందులోకి దించాను. సరిగ్గా దిగింది. తియ్యలేదు, అక్కడే వదిలేశాను. ఇంకో నెలలో వానలు వస్తాయి, చెక్కలు ఒళ్లు చేసి దాన్ని పట్టుకుంటాయి.