మా బావ కారు రాలేని దారి

సైకిల్ తొక్కడానికి నేను కార్లు తిరగని దారులు వెతుక్కుంటున్నానంటే అందరూ అది ప్రకృతి మీద ప్రేమ అనుకున్నారు. అదేం కాదు. చెట్లంటే నాకు ఇష్టమే గానీ, వాటి కోసం ఆదివారం తెల్లారకముందే లేచేంత ఇష్టం లేదు. నేను తప్పించుకోవాలనుకున్నది ఒకే ఒక్క కారును. అది మా సొంత కారు. దాన్ని నడిపేది మా ఆయన.

ఆయన మా మేనత్త కొడుకు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా నాకు ఇప్పటికీ బావే. తిరుత్తణి బజారులో మాకు పాత్రల కొట్టుంది. మా అమ్మాయి కాలేజీ రోజుల్లో తొక్కిన సైకిలు, ముందు బుట్ట, వెనక క్యారియరుతో సహా, మేడ మెట్ల కింద దుమ్ము కొట్టుకుని పడి ఉండేది. తిరువళ్ళూరులో డాక్టరమ్మ నా షుగరు రిపోర్టు చూసి, "నడవండి, లేదంటే సైకిల్ తొక్కండి" అన్న రోజు నాకు లోపల పండగే. ఎందుకంటే నాకు తొక్కడం వచ్చు. చిన్నప్పుడు ఆరణిలో, ఏటి గట్టు మీద, మా అన్న సైకిలు తొక్కేదాన్ని. నేను పెద్దమనిషినయిన వారానికే మా నాయన "ఇంక చాల్లే" అని సైకిలు లాక్కున్నాడు. అప్పటినుంచి నేనెక్కడికి వెళ్ళినా వెనక ఎవరో ఒకరు ఉండాల్సిందే. ముందు మా అన్న, తర్వాత మా బావ. గుడికైనా, రైలుకైనా, పక్క వీధిలో జాకెట్టు కుట్టడానికి ఇచ్చి రావడానికైనా అంతే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వెనక ఎవరూ లేకుండా ఒక చోటినుంచి ఇంకో చోటికి వెళ్ళాలి. యాభై దాటిన ఆడదానికి ఇంతకంటే చిన్న కోరిక ఉంటుందా?

మొదటి రోజు సైకిలు మీద బజారుకు వెళ్ళి, బుట్టలో వంకాయలూ కరివేపాకూ వేసుకుని దర్జాగా తిరిగొచ్చాను. మర్నాడు పొద్దున్నే కొండల అవతలి ఊరు కే.జీ.కండిగై నుంచి బియ్యం మండీ ఆయన ఫోను చేశాడు. మా బావకు ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడటం అలవాటు.

"అన్నా, వ్యాపారం ఎట్లుండాది?"

"బాగుండాది. ఏం?"

"ఏం లే, సుమ్మా, ఊరికే అడిగినా. వదిన సైకిల్లో కూరగాయలు తీసుకోని పోతా ఉండిందంట, మావోళ్ళు చూసినారు. కారు అమ్మేసినావా ఏమి?"

బావ ముఖం మాడిపోయింది. మా వ్యాపారస్థుల్లో కొట్టు ఎలా నడుస్తోందో ఎవరూ సూటిగా అడగరు. ఇంట్లో ఆడవాళ్ళు దేంట్లో పోతున్నారో చూసి తేల్చేస్తారు. కారయితే కొట్టు బాగుంది. ఆటో అయితే ఏదో ఇబ్బందిలో ఉన్నారు. సైకిలయితే ఇక అడగడానికేమీ మిగల్లేదని అర్థం.

సైకిలు మానేయమంటాడేమో అనుకున్నాను. అనలేదు. అంతకంటే ఘోరం చేశాడు. ఆ సాయంత్రమే కారు కడిగించి తళతళలాడించి, "నువ్వు తొక్కుకో. నేను కార్లో ఎనకాలే వస్తా. మనకు కారుండాదని జనానికి తెలియాల గదా" అన్నాడు.

మర్నాటినుంచి మొదలైంది మా ఊరేగింపు. ముందు చుడీదారు వేసుకుని నేను. వెనక నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమంటూ మా కారు, నడిచే మనిషి వేగంతో. దాని వెనక దారి దొరక్క హారన్లు కొట్టే బస్సులు. టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన లేచి నిలబడి, "ఏమ్మా, ఎలక్షన్‌లో నిలబడినావా?" అని అడిగాడు. ఇంకొకామె దణ్ణం కూడా పెట్టింది. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అప్పుడు మొదలుపెట్టాను కార్లు పోని దారుల వేట. మొదట ఒక చెరువు కట్ట మీద తొక్కాను. బావ కట్ట మీదికీ కారెక్కించాడు. సగం దూరం వచ్చాక తిప్పడానికి చోటు లేక, మెడ బయటపెట్టి, వచ్చిన దారంతా రివర్సులో పోయాడు. ఆ గట్టున బట్టలు ఉతుకుతున్న వాళ్ళకు ఆ రోజంతా అదే కాలక్షేపం. తర్వాత పూండి వైపు కాలువ గట్టు పట్టాను. అక్కడ కారెక్కే వీల్లేదు గానీ, కాలువకు అవతల తారు రోడ్డుంది. అవతలి గట్టు నుంచి, "ఏమే, నీళ్ళు కావాల్నా? బిస్కెట్టు కావాల్నా?" అని అరుస్తూ నాతో సమానంగా వచ్చాడు. నేను చెవిటిదానిలా తొక్కుతూ పోయాను.

చివరికి దారి చూపించింది మా కొట్టుకు ఇడ్లీ పాత్ర కొనడానికొచ్చిన ఒకామె. కొండల వెనక రిజర్వు ఫారెస్టులో పాత మట్టి దారి ఒకటుందట. మావైపు ఒక గేటు, కే.జీ.కండిగై వైపు ఇంకో గేటు, మధ్యలో ఎనిమిది కిలోమీటర్ల అడవి. బండ్ల కింద పడి జింకలు చచ్చిపోతున్నాయని మోటారు బండ్లను ఆపేశారట. పగటిపూట నడిచేవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ పోవచ్చట. ఆమెకు ఇడ్లీ పాత్రతో పాటు ఒక గరిటె ఊరికే ఇచ్చాను.

ఆ ఆదివారం పొద్దున గేటు దగ్గర వాచర్ చెయ్యి అడ్డంపెట్టి, "కార్ ఉళ్ళ పోగక్కూడాదు సార్" అన్నాడు అరవంలో, కారు లోపలికి పోకూడదని.

"నేను ఈమె ఎనకాలే పోతానయ్యా, మెల్లిగా" అన్నాడు బావ.

మా మాట విని ఆ మనిషి కూడా తెలుగులోకి దిగాడు. "మెల్లిగా పోయినా అది కారే గద సార్."

ఇన్నేళ్ళలో ఎవరైనా నా తరఫున ఇంత న్యాయంగా మాట్లాడటం నేను వినలేదు. బావ కాసేపు గేటును చూశాడు, కాసేపు నన్ను చూశాడు. "సరే పో. నేను చుట్టు తిరుక్కోని ఆ పక్క గేటు కాడ ఉంటా. ఫోను చేస్తే ఎత్తు" అన్నాడు. అర కిలోమీటరు వెళ్ళేసరికి ఫోన్లో సిగ్నల్ పోయింది. నేనేం బాధపడలేదు.

ఎర్రమట్టి దారి, అటూ ఇటూ తుమ్మలూ తంగేళ్ళూ. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ చూశాను. మూడోసారి చూస్తూ గుంతలో పడబోయి, నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత ఏమనిపించిందో గానీ ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే తొక్కాను. ఒక నెమలి దారికి అడ్డంగా నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "ఏం, ఆడది ఒంటిగా పోవడం ఎప్పుడూ చూళ్ళేదా?" అని గట్టిగా అరిచాను. అది ఎగిరిపోయింది. ఆగాలనిపించిన చోట ఆగాను. ఉసిరికాయలు ఏరుకుని తిన్నాను. ఎందుకు ఆగావని అడిగేవాళ్ళు లేరు. నాకు ఇంత సంతోషం ఎన్నేళ్ళ తర్వాత కలిగిందో చెప్పలేను.

ఏడు కిలోమీటర్లు అయ్యాయి. ఇంకొక్కటే ఉంది. మలుపు తిరగ్గానే, వాన నీళ్ళు పోయే మోరీ గట్టు మీద తెల్ల చొక్కా కనబడింది. మా బావ. ఒక చెప్పు కాలికి ఉంది, ఇంకోటి చేతిలో ఉంది. కారు తాళం వేలికి వేలాడుతోంది.

"యాడికి పోయినావే ఇంతసేపు?" అన్నాడు.

"ఉండేది ఒక్క దారి. ఇంక యాడికి పోతాను? నువ్వేంది ఈడ?"

"ఫోను పోలేదు. గంట దాటింది. నడిచొచ్చినా. తుమ్మముల్లు చెప్పులో నుంచి కాలికి దిగింది. ఎగిరినా. మడమ తిరుక్కునింది."

ఒక్క కిలోమీటరు. ఒక్కటంటే ఒక్కటి ఆగలేకపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ నేనన్న మాటలు రాస్తే మా అమ్మాయి చదువుతుంది, వద్దులే. బావ అన్నీ విన్నాడు. చివరికి తల వంచుకుని, "భయమైందే" అన్నాడు. "జనం ఏమనుకుంటారో అని కాదు. నువ్వు కనబడకపోయేసరికి భయమైంది."

ఇట్లాంటి మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. కాలు చూస్తే బన్నులా వాచిపోయింది. అడుగు వేయలేడు. సైకిలు ఆయన పక్కకు తెచ్చి, "ఎక్కు" అన్నాను.

"ఎవరన్నా చూస్తారే."

"ఎవరు చూస్తారు, నెమళ్ళా? ఎక్కు బావా."

ఆయన బక్కమనిషి. నా సంగతి వేరే, దాని గురించి డాక్టరమ్మ చెప్పే ఉంది. ఆయన చేతిలోని చెప్పు బుట్టలో వేసి, ఆయన్ని క్యారియరు మీద పక్కకు కూర్చోబెట్టి తొక్కాను. మొదట్లో పాములా వంకరటింకరగా పోయాం. తర్వాత సర్దుకుంది. "వచ్చే వారం నువ్వొక్కదానివే పో. నేను కొట్లోనే ఉంటా" అన్నాడు వెనకనుంచి. "కాలు తగ్గినాక చెప్పు ఆ మాట" అన్నాను.

గేటు బయట చింతచెట్టు నీడలో మా కారు తళతళలాడుతోంది. బావ కుడికాలితో బ్రేకు తొక్కలేడు, నాకు కారు నడపడం రాదు. మందుల కొట్టు కే.జీ.కండిగై సంత అవతల ఉంది. ఇంకేం చేసేది? అలాగే సంతలోకి తొక్కాను. బేరాలు ఆగిపోయాయి. తక్కెడలు గాల్లో నిలిచిపోయాయి. బియ్యం మండీ గుమ్మంలో, ఎవరు ఉండకూడదో ఆయనే నిలబడి ఉన్నాడు.

"అన్నా! ఏమిది? కారేమయింది?"

నా నడుము పక్కన చుడీదారు అంచు పట్టుకున్న బావ పిడికిలి బిగుసుకుంది. కారు తాళం తీసి గాల్లో ఊపి చూపిస్తాడనుకున్నాను. ఆయన తాళం జేబులో వేసుకున్నాడు.

"కారు ఆడుందిలే. ఈమె బాగా తొక్కతాది, అందుకే ఎక్కినా" అన్నాడు.

పదమూడో ఏటినుంచి నా వెనక ఎవరో ఒకరు ఉన్నారు. ఆ రోజూ ఉన్నాడు. కాకపోతే నేను తొక్కితేనే వస్తాడు, నేను ఆపితే ఆగుతాడు. నేను గంట మోగించి ముందుకు పోయాను.

"మందుల కొట్టు దాటి పోతా ఉండావే" అన్నాడు బావ.

"తెలుసులే" అని, సంత చుట్టూ ఇంకొక రౌండు తొక్కాను.