పంచదార డబ్బా వెనక కళ్లజోడు

అద్దాలక్కకు ఏడు పెళ్లిచూపులయ్యాయి. ఆ ఏడుగురిలో ఒక్కడి మొహం కూడా ఆమె చూడలేదు. సిగ్గుతో తల వంచుకుందనుకునేరు, అదేం కాదు. ఆమెకు మైనస్ తొమ్మిది పవరు. కళ్లజోడు తీస్తే గడపకీ గోడకీ తేడా తెలియదు. పెళ్లివారు వీధి మలుపు తిరిగారనగానే వాళ్లమ్మ వచ్చి ఆ కళ్లజోడు కాస్తా ఊడబెరికి, వంటింట్లో పంచదార డబ్బా వెనక దాచేసేది. తర్వాత చేతికి ట్రే ఇచ్చి, "ఎనిమిది అడుగులు వెయ్యి, ఆగు, కుడివైపు తిరుగు, నవ్వు" అని చెవిలో చెప్పి పంపేది.

ఆ తల్లి దగ్గర దీనికో కారణం ఉంది. ఆవిడ అక్కగారికీ ఇంతింత లావు అద్దాలే. "చూపు లేని పిల్ల" అని పేరు పడిపోయి, ఆవిడకి పెళ్లే కాలేదు. ఇప్పటికీ తమ్ముడింట్లో వెనక గదిలో ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, ఒక రేడియోతో కాలక్షేపం చేస్తోంది. నా కూతురికి ఆ గతి పట్టనివ్వనని తల్లి పంతం. పంతం ప్రేమలోంచి పుట్టిందే, కాదనలేం. కానీ ప్రేమగా కళ్లు మూసినా చీకటి చీకటే కదా!

ఏడు సంబంధాల్లో నలుగురు వాళ్లంతట వాళ్లే వద్దన్నారు. ఇద్దరిని ఈమె వద్దంది. ఒకాయన ఆలోచించి చెబుతానని వెళ్లి ఆరేళ్లయింది, పాపం ఇంకా ఆలోచిస్తూనే ఉన్నట్టున్నాడు. ఆమె వద్దన్న రెండు సంబంధాల్లో ఒకదాని వెనక చిన్న కథ ఉంది. నీలం చొక్కా మనిషి మాట నెమ్మదిగా, మర్యాదగా ఉందని అద్దాలక్క ముచ్చటపడి ముందు సరేనంది. తీరా కనుక్కుంటే ఆ నీలం చొక్కా పెళ్లికొడుకు తండ్రిది.

ఇంతా చేసి ఆమె పనిచేసేది కళ్లజోళ్ల దుకాణంలో. మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న దుకాణం అది. ముందు గదిలో గోడ నిండా ఖాళీ ఫ్రేములు. వెనక గదిలో లెన్సు అంచులు అరగదీసే మిషను, నీళ్ల గిన్నె, ఎక్కడ చెయ్యి పెట్టినా అంటుకునే తెల్లటి పొడి. ఆ మిషను ఆమె చేతికింద తప్ప ఇంకెవరి మాటా వినదు. పెద్ద పవరు లెన్సులు కావాలంటే ఆ చుట్టుపక్కల అందరూ ఇక్కడికే రావాలి. ఆమె తనకోసం తెప్పించుకోవడం మొదలుపెట్టాక, దుకాణానికి అదే పేరైంది. అద్దాలక్క అన్న పేరూ దుకాణం పెట్టిందే. బళ్లో అందరూ సోడాబుడ్డి అనేవాళ్లు. దాంతో పోలిస్తే ఇది రాజమర్యాద.

మధ్యాహ్నం బేరాలు పల్చబడితే దుకాణంలో ముగ్గురూ టీ తాగుతూ కూర్చుంటారు. ముగ్గురి ఇళ్లల్లోనూ పెళ్లి కుదిరే తీరు మూడు రకాలు. కౌంటర్ దగ్గర కూర్చునే పిల్ల వాళ్లలో ఆడపిల్లా మగపిల్లాడూ ముందు కలిసి తిరుగుతారు. ఏడాదో రెండేళ్లో తిరిగాక నచ్చితే ఇంట్లో చెబుతారు. ఇంట్లోవాళ్లు "ఆహా, అలాగా" అంటారు, అయిపోయింది. దుకాణం యజమానిని అందరూ పెద్దాయన అంటారు. వాళ్లలో ఉత్తరాల పద్ధతి. అబ్బాయి మూడు ఉత్తరాలు రాయాలి. అమ్మాయి వాళ్ల నాయనమ్మ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వాటిని పైకి చదువుతుంది. నచ్చితే నాలుగో ఉత్తరం అమ్మాయి రాస్తుంది.

"మనిషిని చూడకుండా చేసుకోవడమేంటక్కా, చోద్యం కాకపోతే!" అంది కౌంటర్ పిల్ల ఒకరోజు.

"నువ్వు రెండేళ్లు చూసి ఏం చేశావే? పోయిన నెల వద్దన్నావుగా."

"చూశాను కాబట్టే వద్దన్నా. తినేటప్పుడు చప్పుడు చేస్తాడు."

"అది కనుక్కోడానికి రెండేళ్లు పట్టిందా తల్లీ?"

"మీ ఇద్దరికంటే మాదే నయం" అన్నాడు పెద్దాయన. "ఉత్తరంలో మనిషి మనసు తెలిసిపోతుంది."

"మీ ఉత్తరాలు మీ అన్నయ్యగారు రాసిపెట్టారని మొన్న మీరే అన్నారు కదండీ?" అంది అద్దాలక్క.

పెద్దాయన టీ గ్లాసులోకి చూశాడు. "నలభై ఏళ్లయింది. మా ఆవిడ ఇప్పటికీ అప్పుడప్పుడు వాటిని తీసి చదువుకుంటుంది. చదివి నావైపోసారి చూస్తుంది. మళ్లీ పెట్టెలో పెట్టేస్తుంది."

ఎవరి పిచ్చి వాళ్లకానందం.

పోయిన ఆదివారం ఎనిమిదో సంబంధం వచ్చింది. మేనత్త తెచ్చింది. అబ్బాయి లెక్కల మాస్టారట. "ఇదే ఆఖరు. ఇక నావల్ల కాదు" అని ఆవిడ ముందే చేతులెత్తేసింది. అద్దాలక్క కూడా మనసులో ఒకటి గట్టిగా అనుకుంది. ఇక జన్మలో మసక మనిషికి సరే అనకూడదు. అమ్మ కోసం ట్రే పట్టుకెళ్తుంది, వచ్చినవాళ్లు వెళ్లాక వద్దంటుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆమెకు తెలుసు. పెద్దమ్మ గది, ఆ రేడియో. దాన్ని తలుచుకుంటే ముప్పై ఒక్కేళ్ల మనిషికి నిజంగానే భయం వేసింది.

ఎనిమిది అడుగులు వేసింది, ఆగింది, కుడివైపు తిరిగింది, నవ్వింది. ఎదురుగా సోఫాలో మూడు మరకలు కూర్చున్నాయి, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు, ఒకటి గోధుమరంగు. వాళ్లు కూర్చునేటప్పుడే సోఫాలో ఎక్కడో ఫట్‌మంది. స్ప్రింగు విరిగిందని అమ్మ గుండె జారిపోయింది. తెల్ల మరకే పెళ్లికొడుకయ్యుంటాడని అద్దాలక్క కప్పు అటు అందించింది. గోధుమరంగు మరక కెవ్వుమని లేచింది. వేడి కాఫీ ఆయన మోకాలి మీద పడింది. "పర్లేదు, పర్లేదు" అన్నారెవరో. తెల్ల మరక వైపు నుంచి మాత్రం నవ్వాపుకుంటున్న దగ్గు వినిపించింది.

సాయంత్రానికల్లా కబురొచ్చింది. వాళ్లకి సరేనట. వచ్చే ఆదివారంలోగా మన మాట చెప్పాలట. అమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ మొహం చూశాక అద్దాలక్క వద్దనలేకపోయింది. ఆలోచించుకుంటానని లేచి వెళ్లిపోయింది.

బుధవారం పదకొండింటికి ఒకతను చేతులు ముందుకు చాపి దుకాణం గాజుతలుపు తడుముకుంటూ లోపలికొచ్చాడు. ముందు ఫ్రేముల గోడకి నమస్కారం పెట్టాడు. కౌంటర్ పిల్ల చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. అతను జేబులోంచి డాక్టరు చీటీ, రుమాల్లో మూటగట్టిన విరిగిన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మైనస్ ఎనిమిదిన్నర.

"ఇవాళే ఇచ్చెయ్యగలరా అండీ? బళ్లో పాఠం చెప్పాలి. మూడ్రోజుల్నుంచీ పిల్లలు బోర్డు మీద ఏం రాసినా రైటంటున్నాను. వాళ్లింత సంతోషంగా ఎప్పుడూ లేరు."

అద్దాలక్క నవ్వి, చిన్న స్కేలు తీసుకుని ఎదురుగా కూర్చుంది. లెన్సు కుదరాలంటే రెండు కంటిపాపల మధ్య దూరం కొలవాలి. ఎదుటి మనిషి మొహానికి జానెడు దూరంలో కూర్చుని కళ్లల్లోకి చూస్తే తప్ప ఆ కొలత దొరకదు.

"నా కుడికన్ను వైపు చూడండి."

"ఎక్కడుందండీ అది?"

"ఇలా విరిగిందేమిటండీ?" అంది ఆమె స్కేలు అతని ముక్కు మీద ఆనిస్తూ.

"పెళ్లిచూపులకెళ్లానండీ. మా అక్క వాకిట్లోనే కళ్లజోడు తీయించేసింది. లావు అద్దాలు చూస్తే పిల్లనివ్వరట. వెనక జేబులో పెట్టుకున్నా. కూర్చోగానే ఫట్!"

అద్దాలక్క చేతిలో స్కేలు జారింది.

"మరి అమ్మాయి?" అంది, దాన్ని మళ్లీ సర్దుకుని.

"పసుపురంగు కనిపించిందండీ. అంతే. కానీ ఆ అమ్మాయి కాఫీ నాకివ్వబోయి మా బావగారి మోకాలి మీద పెట్టింది. ఆయన ఎగిరి గంతేశారు. ఆ పిల్లకీ నాలాగే ఏమీ కనబడ్డం లేదని నాకనుమానం. అడిగితే అక్క చంపేస్తుంది. ఇంటికొచ్చి ఒంటరిగా కూర్చుని పడీపడీ నవ్వుకున్నానండీ. అలా నవ్వించిన మనిషిని వద్దని ఎలా అంటాం? సరే అన్నాను."

ఆమె కొలత మళ్లీ తీసింది. మొదటిసారి సరిగ్గానే వచ్చింది, అయినా మళ్లీ తీసింది. పెద్ద అందగాడేం కాదు. చెవి దగ్గర జుట్టులో సుద్దపొడి. ముక్కుకి రెండువైపులా కళ్లజోడు నొక్కుకుని ఎర్రటి గుంటలు. అచ్చం అలాంటివే ఆమె ముక్కు మీదా ఉన్నాయి. ఆ కాఫీ అమ్మాయి గురించి మాట్లాడుతుంటే అతని నవ్వు పెదాల దాకా రాకముందే కళ్లల్లో కనిపిస్తోంది. ఎనిమిది సంబంధాల్లో మొదటిసారి ఆమె ఒక పెళ్లికొడుకుని కళ్లారా చూసింది, తనివితీరా చూసింది. నచ్చాడు. ఆ మాట తనకి తానే చెప్పుకుని, చెవుల దాకా ఎర్రబడింది.

వెనక గదిలోకి వెళ్లి మిషను వేసింది. కౌంటర్ పిల్ల వెనకే వచ్చింది. ఆ పిల్ల చెవులు చాటంత, అంతా వినేసింది.

"అక్కా, అతనేనా?"

"ఊ."

"చెప్పవా మరి?"

"ఆదివారం సరేనంటా. దాంతో అయిపోతుందిగా."

"ఇదేం న్యాయం? మా వాళ్లలో ఇద్దరూ చూస్తారు. మీ వాళ్లలో ఇద్దరూ చూడరు. అదీ ఒక రకంగా సమానమే. నువ్వొక్కదానివే చూసేసి నోరు మూసుకోడం ఏ పద్ధతక్కా?"

అద్దాలక్క మిషను ఆపింది. లెన్సు నీళ్లల్లో ముంచి తీసి, తుడిచి, వెలుగుకి పట్టి చూసింది. ఆ పిల్ల అన్నది నిజమే. చూస్తే అతను వద్దనొచ్చు. నలుగురన్నారు. కానీ వాళ్లు వద్దన్నది అద్దాల్లేని అమ్మాయిని. అద్దాలున్న అమ్మాయిని వద్దనే అవకాశం ఇంతవరకు ఎవరికీ రాలేదు. ఎప్పుడూ ఒక్కసారిలో పడే లెన్సు ఫ్రేములో రెండుసార్లు తప్పింది.

ముందు గదిలోకొచ్చి కళ్లజోడు అతని చెవుల మీద సర్దింది. రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. తన కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

"ఇప్పుడు చూడండి. ఆదివారం మీ బావగారిని కాల్చింది నేనే. నాకు మైనస్ తొమ్మిది."

అతను చూశాడు. ఫ్రేముల గోడ చూశాడు, కౌంటర్ పిల్లని చూశాడు, మళ్లీ ఈమెని చూశాడు. ఆమెకి పారిపోవాలనిపించింది. ట్రే ఉంటే బాగుండేది, కనీసం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది.

"నేనాదివారం చెప్పిన సరే వెనక్కి తీసుకుంటున్నానండీ" అన్నాడతను.

కౌంటర్ పిల్ల చేతిలో పెన్ను కిందపడింది.

"అది చూడకుండా చెప్పింది కదా. ఇప్పుడు చూసి చెబుతున్నా. సరే." అని ఆగి, "మీరు కూడా నన్ను బాగా చూశాకే చెప్పండి. తొందరేం లేదు" అన్నాడు.

"చూశాను" అంది అద్దాలక్క. "రెండుసార్లు కొలిచాను."

సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పింది. సరే అన్న మాట అమ్మ చెవిన పడేలోపే మేనత్త మండిపడింది.

"మోసం వదినా, మోసం! పిల్లాడికి అంత లావు అద్దాలుంటే దాచిపెట్టి తీసుకొస్తారా? చూపు సంగతి దాస్తారా ఎవరైనా?"

"అదే కదా! ఎంత గుండె ధైర్యం!" అంది అమ్మ. అని, వంటింటి వైపు చూసింది. పంచదార డబ్బా కనిపించింది.

ఆదివారం వాళ్లు మళ్లీ వచ్చారు. వీధి మలుపు తిరిగారనగానే అమ్మ అలవాటుగా వచ్చి కూతురి కళ్లజోడు తీసింది. అద్దాలక్క, "అమ్మా, ఇవాళ వద్దే" అనబోయింది. అమ్మ మసగ్గా ఎదురుగా నిలబడి ఏం చేస్తోందో తెలియలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది.

"మీ పెద్దమ్మని కూడా రమ్మన్నాను. ముందు గదిలో కూర్చుంది, అద్దాలు పెట్టుకునే" అంది అమ్మ.

తర్వాత ఆ కళ్లజోడు కొంగుతో రెండువైపులా శుభ్రంగా తుడిచి, తిరిగి కూతురి మొహానికి తనే పెట్టింది.