మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు స్టార్టింగ్ బ్లాక్ ఊరేగింపు

మేడ్చల్ లోకల్ కోసం నేనూ మా అమ్మాయి నవ్యా ఏడున్నరకే అల్వాల్ స్టేషన్‌లో నిలబడ్డాం. ఏడున్నర అన్నది బోర్డు మాట. రైలు మాత్రం ఎనిమిది దాటాక తీరిగ్గా వచ్చింది. ఈ దారిన వెళ్లేవాళ్లు ఇంట్లోనే టిఫిన్ తిని బయల్దేరండి, స్టేషన్‌లో టీ తప్ప ఇంకేమీ దొరకదు.

ఈ ప్రయాణానికి కారణం ఈత పోటీల్లోకి వచ్చిన ఒక కొత్త దిమ్మె. ఈతగాళ్లు నిలబడి దూకే స్టార్టింగ్ బ్లాక్ ఇన్నాళ్లూ చదునుగా ఉండేది. ఇప్పుడు దాని వెనకభాగంలో ఏటవాలుగా ఒక పలక బిగిస్తున్నారు. ఒక కాలు ముందంచున పెట్టి, రెండో కాలు ఆ పలకకు ఆనించి, తన్ని దూకాలి. మర్నాడు జరిగే రాష్ట్ర జట్టు ఎంపికలో ఈ కొత్త బ్లాకులే పెడుతున్నారు. నెల కిందట ఒకచోట దాన్ని ఎక్కి, వెనక కాలు జారి, నవ్య పొట్ట చరుచుకుని నీళ్ల మీద పడింది. చూసినవాళ్లు నవ్వారు. అప్పట్నుంచి "నేను ఎంపికకి రాను" అని ఒకటే పాట. రెండేళ్లు కోడికూతకు ముందే లేచి ఈదిన పిల్ల ఆ మాట అంటుంటే నేను ఊరుకోలేకపోయాను. అలాంటి బ్లాకే ఒకటి చేయించి, శామీర్‌పేట దగ్గర మాకు తెలిసిన రిసార్టు ఈతకొలను గట్టున బిగించి, ఈ ఒక్క రోజులో దాని భయం వదిలించాలని పంతం పట్టాను.

రైల్లో నవ్య ఒక కాలు వెనక్కి పెట్టి వంగి చూసుకుంటోంది. ఎదురుగా కూరగాయల గంపతో కూర్చున్నామె "పిల్లకు నడుం వట్టిందా అమ్మా?" అని అడిగింది. కాదు, దూకడం నేర్చుకుంటోందన్నాను.

"రైల్లకెల్లి దుంకుడా?" అని గంప దగ్గరికి లాక్కుంది.

మేడ్చల్లో వెల్డింగు షాపు సత్తయ్యకు ముందే ఫొటో ఇచ్చి ఉంచాను. బ్లాకు అచ్చం ఫొటోలో ఉన్నట్టే చేశాడు. అక్కడితో ఊరుకోక, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కూడా కొట్టేశాడు.

"మా షాపుల తయారైన మిషన్ ఏదైనా పూజ గాకుంట బయటికి వోదు మేడం" అన్నాడు.

నాకూ ముచ్చటేసింది. నేనూ దండం పెట్టుకున్నాను. అదే నా కొంప ముంచింది.

పదకొండింటికి శ్రీశైలం అనే అతని ట్రాలీ ఆటోలో బ్లాకును ఎక్కించి, దాని పక్కనే మేమూ కూర్చుని శామీర్‌పేట దారి పట్టాం. మొదటి ఊరి మలుపులోనే ఒక పెద్దాయన చెప్పులు విడిచి ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు. "ఏ అమ్మవారు బిడ్డా?" అన్నాడు. అమ్మవారు కాదండీ, నీళ్లలోకి దూకే సామాను అని చెప్పాను. "అట్లనా, గంగమ్మ తల్లి" అని రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. తరవాతి ఊళ్లో ఒకావిడ ఆటో ముందు బిందెడు నీళ్లు వారబోసింది. భోజనానికి ఆగిన హోటల్లో మాకు ఆకలి దంచేస్తుంటే, యజమాని ముందుగా విస్తట్లో పెరుగన్నం పెట్టి బ్లాకుకు నైవేద్యంగా తీసుకెళ్లాడు. మాకు వడ్డించేసరికి పప్పు చల్లారిపోయింది.

రెండింటికి రిసార్టు చేరాం. అక్కడి కేర్‌టేకర్ నరసింహ బోల్టులు పట్టుకుని తయారుగా ఉన్నాడు. తీరా బ్లాకును చూసి వాటిని జేబులో వేసుకున్నాడు.

"దీని మీద పిల్ల కాలు వెడ్తదా? పూజైన దాని మీదనా? నేనైతే బిగియ్య."

"కడిగేద్దాం నరసింహా."

"కడిగితే అభిషేకమైతదమ్మా."

నవ్యను ఎక్కమన్నాను. అది కాలెత్తింది, దించేసింది. వేళ్లతో బ్లాకును తాకి కళ్లకద్దుకుంది. "నాకూ మనసొప్పట్లేదమ్మా." పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమని దానికి నేర్పింది నేనే, ఇంక ఎవర్ననాలి? సత్తయ్యకు ఫోన్ చేశాను. పూజ చేసుడే తన పని, తీసుడు తనకు తెల్వదని పెట్టేశాడు. ఒళ్లు మండిపోయింది.

అప్పుడు శ్రీశైలం గొంతు సవరించుకున్నాడు. "గణపతిని ఏం జేస్తం మేడం? మొక్కినన్ని దినాలు మొక్కి నిమజ్జనం జేస్తం. నీళ్లల్ల ఏసినంక ఇగ మట్టే గద."

నరసింహ ఈ మాట న్యాయంగానే ఉందన్నాడు. న్యాయమో కాదో, నాకు గత్యంతరం లేదు. నలుగురం పట్టి ఆ ఇనుప దిమ్మెను ఊపి కొలనులో పడేశాం. శ్రీశైలం అలవాటు కొద్దీ జై కొట్టాడు. పసుపు మబ్బులా లేచింది, నిమ్మకాయ పైకి తేలింది, బ్లాకు లోతెక్కువ ఉన్న వైపు అడుగున కూర్చుంది.

పైకి తీసేదెలాగన్నది అప్పుడు గుర్తొచ్చింది మాకు. మా ముగ్గురు పెద్దవాళ్లలో ఒక్కరికీ ఈత రాదు.

నవ్య తాడు పట్టుకుని మునిగింది. రెండుసార్లు ఉత్త చేతులతో పైకొచ్చి, మూడోసారి ముడి వేసొచ్చింది. శ్రీశైలం రెండో కొస ఆటోకు కట్టి లాగాడు. బ్లాకు బొట్లన్నీ పోయి, ఒట్టి ఇనుములా నీళ్లు కార్చుకుంటూ గట్టెక్కింది. దాన్ని చూసి నా కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. "నెల రోజుల్నుంచీ నేను పడతానని ఏడుస్తున్నా కదమ్మా. చూడు, అదే పడింది."

"ఇగ ఎక్కు బిడ్డా" అని నరసింహ బోల్టులు బిగించాడు. మొదటిసారి నవ్య పొట్ట చరుచుకునే పడింది. నేను గట్టు అంచుకు పరుగెత్తాను. అది మాత్రం నవ్వుతూనే తేలి, మళ్లీ ఎక్కింది. ఎండ తగ్గేవేళకు వెనక పలకను తన్ని ఎంత దూరం వెళ్లి పడుతోందంటే, నరసింహ పనులు మానేసి కుర్చీ వేసుకున్నాడు.

ఆరున్నర బస్సులో సీట్లు దొరికాయి. మేడ్చల్–శామీర్‌పేట దారి చల్లగా, చెట్లతో బాగుంటుంది, మనుషులూ మంచివాళ్లే. ఇనుప సామాను తీసుకెళ్లేవాళ్లు మాత్రం పైన ఒక గోనెపట్టా కప్పుకుని వెళ్లండి. ఆ మంచితనానికి అడ్డూ ఆపూ ఉండదు.

నవ్య తడి జుట్టుతో నా భుజం మీద నిద్రపోయింది. రేపటి సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది, అడగడానికి భయమేసింది. హకీంపేట దాటాక అదే కళ్లు తెరిచింది.

"అమ్మా, రేపు నాలుగున్నరకే లేపు. లేవకపోతే మొహాన నీళ్లు కొట్టు."